అమ్మ చేతి ముద్ద

"హోటలు అనకక్కా, పరువు పోతుంది," అని తమ్ముడు మొదట్లోనే చెప్పేశాడు. అందుకని ఇంట్లో ఎవరూ దాన్ని హోటలు అనేవారు కాదు. రెస్టారెంటు అనడానికి నాన్నకి నోరు తిరిగేది కాదు కాబట్టి ఆయన "వాడి కొట్టు" అనేవాడు. జీవితమంతా ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని చొక్కాలూ పంట్లాములూ కుట్టి ఇచ్చిన మనిషికి, జనం వచ్చి పని చేయించుకుని పోయే చోటు ఏదైనా కొట్టే.

ఆ కొట్టుకి మాత్రం పేరు బాగా వచ్చింది. మన వంటల్నే ఎవరూ ఊహించని తీరులో చేసి పెడతారట, బల్ల దొరకాలంటే నెలల ముందే చెప్పుకోవాలట, అక్కడ తిన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తారట. ఈ మాటలన్నీ అమ్మడు క్లినిక్‌లో వింటూ ఉండేది. అమ్మడంటే ఆ ఇంటి పెద్దపిల్ల. నెరిసిన వెంట్రుకలు నాలుగు కనబడుతున్నా ఆ ముద్దుపేరు మాత్రం వదల్లేదు. పళ్ళ డాక్టరు దగ్గర పని చేసేది. నోరు తెరిచి పడుకున్న మనిషి పక్కన నిలబడి ఊరే ఉమ్మిని గొట్టంతో పీల్చడం, పన్ను పీకాక నెత్తుటి దూది అందుకోవడం, పళ్ళకి అచ్చులు తియ్యడం ఆమె పని. "అసహ్యం వెయ్యదుటే నీకు?" అని చుట్టాలు అడిగితే, "నోరన్నాక ఉమ్మి ఉండదా, తేనె ఉంటుందా?" అని నవ్వేసేది.

పెట్టి ఏడాది దాటాక తమ్ముడు ఒకరోజు ఫోను చేశాడు. "ఆదివారం మధ్యాహ్నం నాన్నని తీసుకుని రా అక్కా. మంచి బల్ల ఉంచుతాను."

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?"

"అదేం మాటక్కా. అంతా కుదురుకున్నాక పిలుద్దామని ఆగాను. నాన్నకి మంచి చొక్కా వెయ్యి. అలాగని మరీ కొత్తది వద్దు. కొంచెం పాతబడినట్టుంటే బావుంటుంది."

ఆ చివరి మాట ఆమెకి అప్పుడు అర్థం కాలేదు. నాన్న మాత్రం తాను కుట్టుకున్నవాటిలో అన్నిటికన్నా కొత్త చొక్కా తీసి వేసుకున్నాడు.

ఆ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. అమ్మ బస్సు కండక్టరు. కంచుగొంతు. నిలబడ్డవాళ్ళని లోపలికి జరపడంలో ఆవిడని మించినవాళ్ళు డిపోలో లేరు. డ్రైవర్లు ఆవిడని "ఇంజను" అని పిలిచేవారు, ఆవిడకీ ఆ పేరు నచ్చింది. వంట మాత్రం రాదు. పాలు పొయ్యి మీద పెట్టి వీధిలోకి వెళ్ళిపోయే రకం. నేర్చుకోవాలన్న సరదా కూడా ఎప్పుడూ లేదు. పెళ్ళైన కొత్తలో రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ చెయ్యి కాల్చుకుని, గరిటె నాన్న చేతికిచ్చి, "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, నువ్వు చూసుకో" అందట. నాన్న చూసుకున్నాడు. కాజాలు కుడుతూ లేచి వెళ్ళి పప్పు కలిపి వచ్చేవాడు. వంకాయ కూర మగ్గేలోగా కాలరు అతికేవాడు. చారులో అప్పుడప్పుడు దారప్పోగు తేలేది. అమ్మ దాన్ని వేలితో పైకి తీసి, "ఇవాళ నీలం చొక్కా కుట్టావన్నమాట" అనేది. అంత రుచిగా మరెవరూ వండగా అమ్మడు తినలేదు.

తమ్ముడికి బడిలో ఇదే పెద్ద తలవంపుగా ఉండేది. "మీ నాన్న చీర కట్టుకుని వండుతాడా?" అని పిల్లలు ఏడిపించేవారు. దాంతో వాడు క్యారేజీ విప్పినప్పుడల్లా "మా అమ్మ చేసింది" అని చెప్పేవాడు. చిన్నపిల్లవాడు, పోనీలెమ్మని అమ్మడు ఊరుకుంది. అమ్మ పోయి నాలుగైదేళ్ళయింది. ఆ అబద్ధానికి మాత్రం ఇంకా నూకలు చెల్లలేదని ఆ ఆదివారం తెలిసింది.

బయట ఎండ మండిపోతోంది. లోపల మాత్రం తెరలన్నీ దించేసి చీకటి చేశారు. కాలు పెట్టగానే పొగ వాసన. ఏదో కాలి వచ్చే పొగ కాదు, సీసాలోంచి చల్లిన పొగ. ఎదురుగా గోడంతా ఒకే ఒక ఫొటో. మట్టిపొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతున్న ఒక ఆడమనిషి. మాసిన చీర, చెదిరిన జుట్టు, చెంపల మీద కన్నీటి చారలు.

నాన్న ఆగి చూశాడు. "ఎవరమ్మా ఈవిడ?" అని వాళ్ళని తీసుకెళ్ళడానికి వచ్చిన వడ్డన అమ్మాయిని అడిగాడు.

"మా షెఫ్ గారి అమ్మగారు సార్," అందా అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుని. "మీరు మొదటిసారా సార్?"

"నేను వాడి నాన్ననమ్మా."

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "అయ్యో సార్! మరి అమ్మగారిని పోల్చుకోలేదేంటి?"

నాన్న ఆ ఫొటో వంక మళ్ళీ చూశాడు. తర్వాత అమ్మడి వంక. "పొగ ఎక్కువగా ఉంది కదమ్మా," అన్నాడు మర్యాదగా.

అమ్మడికి ముందు నవ్వొచ్చింది. తప్పు ఫొటో ఏదో తగిలించి ఉంటారు, లేకపోతే అలంకారానికి పెట్టిన బొమ్మని చూసి ఈ పిల్ల పొరబడి ఉంటుంది అనుకుంది. కూర్చున్నారు. బల్ల మీద వంటల పట్టీ లేదు, ఏం కావాలని అడిగేవాళ్ళు లేరు. వాళ్ళు తెచ్చింది తినాలి. అది కూడా వాళ్ళు కథ చెప్పాక తినాలి.

మొదట వచ్చింది పప్పట. పెద్ద నల్ల పళ్ళెం మధ్యలో గుప్పెడు పసుపురంగు నురగ, పక్కన ఒక ఆకు. పళ్ళు కడిగించుకున్నవాళ్ళు క్లినిక్ తొట్టిలో ఉమ్మితే అచ్చం అలాగే ఉంటుంది. అమ్మడు కళ్ళు పక్కకి తిప్పుకుని చెంచా ముంచింది. నాలుక మీద పెట్టుకుంటే బుడగలు చిట్లి, ఏమీ లేకుండా పోయి, ఆఖరున మాత్రం నాన్న చేసే పోపు రుచి తగిలింది. ఆశ్చర్యమేమీ కాదు, వాడు నాన్న దగ్గరే నేర్చుకున్నాడు. ఆ రుచిని అలా నురగలో దాచి పెట్టడం చూస్తే మాత్రం, ఎవరో నమిలినదాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టినట్టు ఒళ్ళు జలదరించింది.

"బావుందా నాన్నా?"

"ఇంకా తినడం మొదలుపెట్టలేదమ్మా. అయిపోయింది," అన్నాడు నాన్న.

తర్వాత నల్లటి పెంకు ఒకటి తెచ్చారు. దాని మీద చిన్న మాడుచెక్క, మాడుచెక్క మీద ఒక పువ్వు. వడ్డన అమ్మాయి చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, వల్లించిన పాఠం మొదలుపెట్టింది.

"షెఫ్ గారి చిన్నప్పుడు ఇంట్లో అందరికీ సరిపడా అన్నం ఉండేది కాదు. అమ్మగారు అందరికీ పెట్టేసి, గిన్నె అడుగున అంటుకున్న మాడు గోక్కుని, మంచినీళ్ళు తాగి పడుకునేవారు. ఆ త్యాగమే ఈ ప్లేటు."

నాన్న మాడుచెక్కని అటూ ఇటూ తిప్పాడు. మొహం చిన్నబోయింది. "మనింట్లో అన్నం ఎప్పుడు మాడిందమ్మా?" అని అమ్మడిని అడిగాడు. త్యాగం సంగతి కాదు, మాడిందన్న మాటే ఆయనకి తగిలింది.

అమ్మా, మాడు గోక్కోవడమూనా! డ్యూటీ దిగి వచ్చి, సంచి ఇంకా భుజానే ఉండగా, "ముందు నాకు పెట్టవయ్యా, తర్వాత లోకానికి పెడుదువుగాని" అని పీట వాల్చుకుని కూర్చునే మనిషి. అందరికన్నా ముందు తినేది, అందరికన్నా ఎక్కువ తినేది, తేన్చి మరీ లేచేది. అమ్మడికి నవ్వు ఆగిపోయింది. ఫొటో పొరపాటున పెట్టింది కాదు.

చుట్టూ చూసింది. అన్ని బల్లల దగ్గరా అదే పాఠం, అదే తగ్గించిన గొంతు. సిల్కు బట్టల్లో, సెంటు వాసనల్లో, బాగా తిని పెరిగిన మనుషులు తలలూపుతూ తన అమ్మ ఆకలిని కొరికి చప్పరిస్తున్నారు. ఒకావిడ రుమాలుతో కన్ను ఒత్తుకుని, "ఇంకొకటి తెస్తారా?" అని అడిగింది.

అప్పుడు చేతులు వచ్చాయి.

ముందు పక్కబల్లకి తెచ్చారు. తెల్లటి పింగాణీ చెయ్యి, ముంజేతి దాకా ఉంది, వెల్లకిలా పెట్టారు. మణికట్టుకి ఎర్రగాజులు. అరిచేతిలో వేడిగా, గోధుమరంగులో, నూనె మెరుస్తున్న ముద్ద. దాని చుట్టూ జారుగా పులుసు. ఆ బల్ల దగ్గర కోటు వేసుకున్న భారీ మనిషీ, ఆయన భార్యా కూర్చున్నారు.

"ఇది మా ప్రత్యేకం. అమ్మ చేతి ముద్ద," అంది వడ్డన అమ్మాయి. "దీనికి చెంచా ఉండదు. మీ చెయ్యి కూడా వాడకూడదు. చిన్నప్పుడు అమ్మ పెట్టినట్టే వంగి, కళ్ళు మూసుకుని, నేరుగా ఈ చేతిలోంచే అందుకోవాలి. కావాలంటే వేళ్ళు కూడా నాకవచ్చు. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు."

భారీ మనిషి సిగ్గుపడుతూ చుట్టూ చూశాడు. భార్య ఫోను ఎత్తి పట్టుకుంది. ఆయన వంగాడు. ముందు పెదాలతో తీసుకున్నాడు, తర్వాత నాలుకతో. పులుసు గడ్డం మీదికి కారింది. అరిచెయ్యి ఖాళీ అయ్యాక వేళ్ళ సందుల్లో నాకాడు. ఆఖరుకి చూపుడువేలు నోట్లో పెట్టుకుని చీకాడు. చప్పుడు వినబడింది. ఉమ్మీ పులుసూ కలిసి మణికట్టు మీదుగా జారి గాజుల్లో నిలిచాయి. భార్య ఫోను పక్కన పెట్టి, "నాకూ కాస్త ఉంచండీ," అంటూ బొటనవేలు అందుకుంది.

రోజూ నోళ్ళు చూసే అమ్మడు తల పక్కకి తిప్పేసుకుంది. చీము చూసింది, నెత్తురు చూసింది, పురుగు పట్టిన దవడ చూసింది. ఎప్పుడూ చూపు తిప్పుకోలేదు. నొప్పితో తెరిచిన నోరు ఒకటి, ఈ నోరు ఒకటి.

ఈలోగా వాళ్ళ బల్ల మీద కూడా ఒక చెయ్యి పెట్టి వెళ్ళారు. నాన్న దాని వంక చూస్తూ ఉండిపోయాడు. ముద్ద వంక కాదు, చేతి వంక. మెల్లగా తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు, దాని పక్కనే, వెల్లకిలా. వంకరపోయిన చిటికెనవేలు. ఎప్పుడో మిషను సూది దిగబడి రెండుగా చీలిన చూపుడువేలి గోరు. కత్తెర పట్టి పట్టి బొటనవేలి మొదట్లో కట్టిన కాయ. అన్నీ ఆ పింగాణీ చేతికీ ఉన్నాయి.

"అమ్మడూ," అన్నాడు. "ఇది నాది కదూ?"

అవును, ఆయనదే. అచ్చు తీసింది అమ్మడే. కొట్టు తెరవడానికి ముందు తమ్ముడు ఇంటికి వచ్చి, ఎన్నడూ లేనంత ప్రేమగా నాన్న పక్కన కూర్చున్నాడు. "నీ చేతిని అచ్చు తీయించి దగ్గర పెట్టుకుంటాను నాన్నా. అమ్మది తీయించలేకపోయాను. నీదైనా ఉండాలి," అన్నాడు. నాన్న సిగ్గుపడి, "నా చెయ్యెందుకురా, అదేమైనా దేవుడి చెయ్యా" అంటూనే చొక్కా చెయ్యి మడిచాడు. అమ్మడు క్లినిక్ నుంచి పళ్ళ అచ్చులకి వాడే పొడి తెచ్చి, బకెట్లో గులాబీరంగు ముద్దగా కలిపి, అందులో ఆయన చెయ్యి దింపింది. చల్లగా ఉందని ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. కదలొద్దని ఆమె కోప్పడింది. ఆ చీలిన గోరు సరిగ్గా పడాలని బ్రష్షుతో ఎంత జాగ్రత్తగా రుద్దిందో!

ఇప్పుడు హాల్లో ఎటు చూసినా నాన్న చేతులే. బల్లబల్లకీ ఒకటి. ప్రతిదానికీ ఎర్రగాజులు. ప్రతిదాని మీదా ఒక వంగిన తల, కదిలే నాలుక.

"ఇప్పుడే వస్తాను నాన్నా," అని లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూం వెతుక్కుంటూ పరుగెత్తింది. తిన్న నురగ వచ్చేసింది. మొహం కడుక్కుని బయటికి వచ్చేసరికి తలుపు తప్పి వంటగది వెనక భాగంలోకి వెళ్ళింది. అక్కడ అంట్లు తోమే చోట, ఇనపచట్రంలో వరసగా చేతులు నిలబెట్టి ఉన్నాయి, వేళ్ళు పైకి. వేడినీళ్ళ ఆవిరి వాటి మధ్యనుంచి లేస్తోంది. ఒకదాని బొటనవేలికి లిప్‌స్టిక్ మరక. ఇంకోదానికి చిటికెనవేలి కొస విరిగింది, ఎవరో కొరికారు కాబోలు. పక్కన బేసినులో జిడ్డునీళ్ళల్లో గాజులు.

"అక్కా! ఇటెందుకొచ్చావ్?" తమ్ముడు. తెల్లకోటు, జేబులో పువ్వులు పెట్టే చిన్న పట్టకారు, ఒంటి మీద ఖరీదైన సబ్బు వాసన. "ఎలా ఉంది?"

"గాజులెందుకు తొడిగావురా?"

వాడు చట్రం వంక చూసి, తేలిగ్గా నవ్వాడు. "ఓ, పోల్చుకున్నావా? ఎంత మంచి చెయ్యో చూడు! ఆ ముడతలూ, ఆ కాయలూ. అసలైన పని చేసిన చెయ్యి. డిజైనరు చూసి మురిసిపోయాడు. నిజంగా అమ్మ చెయ్యి దొరికినా ఇంత బావుండేది కాదక్కా. అమ్మది నున్నటి చెయ్యి."

"అది టిక్కెట్లు చింపిన చెయ్యిరా. గరిటె ఎప్పుడు పట్టింది?"

"అదే కదా గొడవ." వాడు ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళబోయాడు. ఆమె భుజం విడిపించుకుంది. "చూడక్కా, నాన్న వండాడంటే కథ లేదు. మగాడు వండితే వంటవాడంటారు. అమ్మ వండిందంటే ఏడుస్తారు. నిజంగా ఏడుస్తారు, నా కళ్ళతో చూశాను. ఆ ఏడుపు కోసమే వస్తారు. రుచి నాన్నదే, నేను కాదన్నానా? పేరు ఎవరిదైతే ఏం?"

"ఆ గోడ మీద ఆవిడెవరు?"

"ఫొటోలకి కూర్చునే ఆవిడ. బావుంది కదా? కళ్ళల్లో నీళ్ళు భలే వచ్చాయి."

"ఇంకెందుకు ఆలస్యం, ఆవిడనే తెచ్చి హాల్లో కూర్చోబెట్టు. వచ్చినవాళ్ళందరికీ ముద్దలు పెడుతుంది."

వెటకారంగా అన్న మాటే. వాడు మాత్రం శ్రద్ధగా విన్నాడు. "అనుకున్నాం అక్కా. ఆవిడే కుదరదంది."

అమ్మడు వాడిని ఎగాదిగా చూసింది. చంకనెత్తుకుని తిప్పిన తమ్ముడు. ముక్కు చీదితే తన పరికిణీ కొసతో తుడిచేది. అప్పుడు రాని ఏవగింపు, ఇప్పుడీ ఇస్త్రీకోటు, నున్నగా గీసిన గడ్డం చూస్తే వచ్చింది.

"నువ్వు గొడవ చెయ్యకు," అన్నాడు వాడు గొంతు తగ్గించి. "వంటల గురించి రాసే ఆవిడ వచ్చింది ఇవాళ. పెద్ద పేరున్న మనిషి. నాన్నని చూపిస్తానని చెప్పాను. రెండు మాటలు మాట్లాడిస్తే చాలు. పాత చొక్కా వెయ్యమంటే, కొత్తది వేసుకొచ్చాడేంటి?"

ఓహో, అందుకన్నమాట పిలుపు. ఆమె వాడిని తోసుకుని హాల్లోకి వచ్చింది. వాడు అంతకన్నా ముందే ఇంకో తలుపులోంచి వచ్చి నాన్న కుర్చీ వెనక నిలబడ్డాడు. పెద్ద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. తమ్ముడు గ్లాసు మీద చెంచాతో టింగుమని కొట్టాడు. హాలంతా ఇటు తిరిగింది.

"ఇవాళ మన మధ్య ఒక ప్రత్యేక అతిథి ఉన్నారు," అన్నాడు. "మా నాన్న. నలభై ఏళ్ళు మా అమ్మ చేతి వంట తిన్న అదృష్టవంతుడు."

చప్పట్లు. కళ్ళద్దాలావిడ నాన్న వైపు వంగింది. "చెప్పండి బాబాయిగారూ. అమ్మగారి వంటలో మీకు మరిచిపోలేనిది ఏది?"

నాన్న లేచి నిలబడ్డాడు. ఎవరైనా పెద్దవాళ్ళు అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పడం ఆయన అలవాటు. కొడుకు వంక చూశాడు, కూతురి వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడకి వంట రాదండి," అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు, ఆపైన హాలంతా గొల్లుమంది. భార్య వంటని వెక్కిరించే ముసలి మొగుడు! అందరికీ తెలిసిన సరదాయే కదా. భారీ మనిషి బల్ల చరిచాడు.

"నిజమేనండి," అన్నాడు నాన్న, నవ్వుల మధ్య గొంతు పెంచి. "పాలు కూడా పొంగబెట్టేసేది. వంట నేను చేసేవాణ్ణి. ఆవిడ బస్సు..."

"మా నాన్న ఎప్పుడూ ఇంతే," అని తమ్ముడు నవ్వుతూ అందుకున్నాడు, ఆయన భుజాలు రెండూ పట్టుకుని. "అమ్మని ఏడిపించకుండా ముద్ద దిగేది కాదు ఆయనకి. ఇవాళ్టికీ ఆ అలవాటు పోలేదు. అంత ప్రేమ."

కళ్ళద్దాలావిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. చప్పట్లు మోగాయి. నాన్న నోరు సగం తెరిచి ఉండిపోయాడు, మత్తు సూది పని చెయ్యకముందే పన్ను పీకేసినవాడిలా. భుజాలు నొక్కితే కూర్చున్నాడు.

అమ్మడు అరవలేదు. అరిచినా దాన్నీ ఏదో ఒక ప్రేమ కింద జమకట్టి చప్పట్లు కొడతారని తెలిసిపోయింది. తమ బల్ల మీద ఎవరూ ముట్టని ఆ చేతిని ఎత్తింది. ముద్దని పళ్ళెంలోకి వంచింది. అది ప్లాపుమని పడి కళ్ళద్దాలావిడ చేతిసంచి మీద చిందింది. గాజులు ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద పెట్టింది. తెల్లటి గుడ్డతో వేళ్ళ సందులు, చీలిన గోరు, అరిచేతి గీతలు తుడిచింది. తుడిచి, తన సంచిలో పెట్టుకుంది.

"మేడమ్," అని వడ్డన అమ్మాయి కంగారుగా వచ్చింది. "అది మాది మేడమ్. ఇవ్వడానికి లేదు."

"దాని మనిషి ఇక్కడే ఉన్నాడు. అడుగు."

నాన్న తన చెయ్యి ఎత్తి చూపించాడు. "నాదేనమ్మా," అన్నాడు.

ఇద్దరూ బయటికి వచ్చారు. ఎండకి కళ్ళు మూసుకుపోయాయి. తమ్ముడు గుమ్మం దాకా వచ్చాడు గానీ, లోపల్నుంచి ఎవరో "షెఫ్!" అని పిలిస్తే వెనక్కి వెళ్ళిపోయాడు. బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. నాన్న కొత్త చొక్కా ముడతలు సవరించుకుంటూ ఉన్నాడు. అమ్మడు ఆయనకి బాధేస్తోందేమో, తన వంటకి తన పేరు లేకుండా చేశాడనేమో అనుకుంది. అదే అడిగింది.

"నా పేరేముందమ్మా," అన్నాడు. "నేను కుట్టిన చొక్కాల మీద మాత్రం నా పేరుందా? అది కాదు." వెనక్కి తిరిగి ఆ గుమ్మం వంక చూశాడు. "దాన్ని పొయ్యి ముందు కూర్చోబెట్టాడమ్మా. ఆ పొగలో, ఆ ఏడుపు మొహంతో. దానికి పొయ్యంటే పడదు. వద్దంది, సరేనన్నాను. బతికున్నన్నాళ్ళూ దాన్ని అటు రానివ్వలేదు. పోయాక వీడు తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. రోజూ రెండు పూటలా."

అమ్మడు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు గానీ, కాసేపటికి ఆ చేతిని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నలుగురిలో ఉంటే ఆయన చెయ్యి జేబులోనే ఉండేది.

కొన్ని వారాలకి క్లినిక్‌లో ఒక పేషెంటు, మత్తు ఎక్కేలోగా ఊరుకోలేక, తాను తిని వచ్చిన గొప్ప భోజనం గురించి డాక్టరుకి చెప్పసాగాడు. "ఆ తల్లి ఎంత నిరాడంబరురాలో తెలుసాండీ! తన గొప్ప ఎవరికీ తెలియనిచ్చేది కాదట. ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా మా ఆవిడకి వంట రాదు అనే అనేవాడట. వడ్డించే అమ్మాయి చెప్తుంటే ఏడుపొచ్చేసింది." అంటే నాన్న చెప్పిన నిజాన్ని కూడా వండి ప్లేటులో పెట్టేశారన్నమాట. గొట్టం పట్టుకుని నిలబడ్డ అమ్మడు ఆ తెరిచిన నోట్లోకి చూసింది. ఎర్రటి నాలుక, తడి, ఊరుతున్న ఉమ్మి. ఈ నాలుకే. డాక్టరు "పీల్చు" అంటున్నా ఆమె చెయ్యి ముందుకి పోలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి గ్లోవ్సు విప్పేసి, ఇంకెవరినైనా నిలబెట్టుకోమని చెప్పి బయటికి వచ్చేసింది.

తర్వాత ఒక సెలవురోజు పొద్దున తమ్ముడు ఇంటికి వచ్చాడు. జరిగినదాని గురించి ఒక్క మాట లేదు. "ఒక చెయ్యి తక్కువైంది అక్కా, ఇచ్చేస్తావా?" అని మాత్రం అడిగాడు. ఆమె వినబడనట్టు బట్టలు మడతపెట్టుకుంది. నాన్న "అన్నం తిని వెళ్ళరా" అన్నాడు. ఎవరొచ్చినా ఆ మాటే అంటాడు.

వాడు తిన్నాడు. అమ్మడు గుమ్మంలో నిలబడి చూసింది. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నాలుకని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పుతున్నాడు. మింగడు. చప్పరిస్తాడు, ఆగుతాడు, మళ్ళీ చప్పరిస్తాడు. తింటున్న మనిషిలా లేడు. చీకట్లో ఇంకొకరి బీరువా తడుముతున్నవాడిలా ఉన్నాడు.

"ఈ కూరలో ఏదో వేశావు నాన్నా. ఏంటది? కొత్త ప్లేటు ఒకటి అనుకుంటున్నాను."

నాన్న మంచినీళ్ళ గ్లాసు వాడి దగ్గరికి జరిపాడు. "గుర్తులేదురా," అన్నాడు.

గంట కిందట పొయ్యి మీంచి దించిన కూర.

"గుర్తులేకపోవడమేంటి నాన్నా? అక్కా, నీకైనా తెలుసా?"

"నాకెలా తెలుస్తుందిరా," అంది అమ్మడు. "నాది అమ్మ పోలిక. వంటింటి మొహం చూసినదాన్ని కాదు."

వాడు ఆమె వంక, నాన్న వంక మార్చి మార్చి చూశాడు. ఇంకో ముద్ద తీసుకుని, చాలాసేపు నోట్లో ఉంచుకుని, ఆఖరుకి మింగేసి లేచాడు. చెయ్యి కడుక్కుని, ఫోను చూసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పళ్ళెంలో సగం అన్నం అలాగే ఉంది.

నాన్న ఆ పళ్ళెం తీశాడు. వంటింటి వైపు వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"ఆకలేసి వచ్చాడనుకున్నాను," అన్నాడు.